బెంచీ మీది ఆటగాడికీ గుండెదడ

1913 ఫుట్‌బాల్ సీజన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆడిన చివరి మ్యాచ్ యేల్ మీద. ఆ రెండింటి మధ్యా పాత పంతం, ఏడాది మొత్తమ్మీద అంతటి ఉత్కంఠ ఉన్న ఆట మరొకటి లేదు. మ్యాచ్ ముగియగానే వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, అతని సహచరుడు ఫిస్క్ కలిసి హార్వర్డ్ జట్టులోని 25 మంది మూత్రం సేకరించి పరీక్షించారు. 12 మందిలో చక్కెర కనిపించింది. ఆడి ఆడి ఒళ్లు అలిసినందువల్ల అనుకుందామా అంటే, ఆ 12 మందిలో 5 గురు అసలు మైదానంలో కాలే పెట్టలేదు. ఎప్పుడు పిలుపొస్తుందోనని బెంచీ మీద కూర్చుని చూసిన సబ్‌స్టిట్యూట్లు వాళ్లు. ఆట చూడటానికొచ్చి ఊగిపోయిన ఒక అభిమానిని కూడా పరీక్షిస్తే అతని మూత్రంలోనూ చక్కెర ఉంది. మర్నాటికి మాయమైంది.

కానన్ ఇలాంటిది పిల్లుల్లో ముందే చూశాడు. పిల్లి ఎదుట కుక్కను మొరిగిస్తే దాని రక్తంలోకి అడ్రినలిన్ చేరుతుందని 1911లో తేల్చాడు. అడ్రినలిన్ వచ్చిందంటే కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది. పారిపోవాలన్నా తిరగబడాలన్నా కండరాలకు ఇంధనం కావాలి కాబట్టి ఒళ్లు ముందే సర్దుకుంటుందన్నది అతని వాదన. బెంచీ మీది హార్వర్డ్ కుర్రాళ్లు ఆ వాదనకు కొత్త మెలిక పెట్టారు. వాళ్ల ముందు కుక్క లేదు, పరుగూ లేదు. ఆడాల్సి రావచ్చునన్న ఆలోచన ఒక్కటే ఒంటిని కదిలించడానికి సరిపోయింది.

పోటీకి ముందు ఆటగాడి శరీరం రెండు దారుల్లో సిద్ధమవుతుంది. మొదటిది సింపథెటిక్ నరాల దారి. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి వెన్నుపాము మీదుగా సంకేతం దిగుతుంది. క్షణాల్లో గుండె వేగం పెరుగుతుంది, కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. రెండోది హార్మోన్ల దారి, కాస్త నిదానం. హైపోథాలమస్ పిట్యూటరీని లేపుతుంది, పిట్యూటరీ మళ్లీ అడ్రినల్ గ్రంథుల పైపొరను లేపుతుంది, అప్పుడు కార్టిసాల్ ఊరుతుంది. అది పతాక స్థాయికి చేరడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. పరుగు మొదలవకముందే, గీత దగ్గర ఊరికే నిలబడి ఉన్నప్పుడే అథ్లెట్ నాడి పెరిగిపోవడం మొదటి దారి చేసే పని.

మిగతా లక్షణాలన్నీ ఈ సర్దుబాటు తాలూకు ఖర్చులు. రక్తం కండరాల వైపు మళ్లాలంటే చర్మానికీ పేగులకూ తగ్గాలి. అందుకే వేళ్లు చల్లబడతాయి. లాలాజలం తగ్గి నాలుక పిడచగట్టుకుపోతుంది. జీర్ణాశయం పని ఆపేస్తుంది, తిన్న ఇడ్లీ అక్కడే కదలకుండా కూర్చుంటుంది. పెద్దపేగు మాత్రం దానికి ఎదురు నడుస్తుంది. కార్టిసాల్ గొలుసును మొదలుపెట్టే మెదడు రసాయనమే జీర్ణాశయాన్ని నిదానం చేసి, పెద్దపేగును తొందరపెడుతుంది. పోటీకి అరగంట ముందు స్టేడియంలో బాత్‌రూముల ముందు క్యూ ఎందుకుంటుందో ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

అమెరికన్ బాస్కెట్‌బాల్‌లో బిల్ రసెల్ పేరు తెలియనివాళ్లుండరు. బోస్టన్ సెల్టిక్స్ తరఫున 13 సీజన్లు ఆడి 11 సార్లు ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అంతటివాడూ పెద్ద మ్యాచ్‌లకు ముందు బాత్‌రూములోకి వెళ్లి వాంతి చేసుకునేవాడు. ఆ శబ్దం గోడ అవతల వినిపిస్తే సహచరులకు ప్రాణం లేచొచ్చేదట. ఒకసారి ఆ శబ్దం వినబడకపోయేసరికి కోచ్ రెడ్ ఆవర్‌బాక్ వార్మప్ ఆపించి జట్టును లోపలికి తీసుకుపోయాడని, రసెల్ వాంతి చేసుకున్నాకే మళ్లీ బయటికి పంపాడని బోస్టన్‌లో కథగా చెప్పుకుంటారు. స్పీడ్ స్కేటింగ్ ఛాంపియన్ అపోలో ఓనో తీరు దీనికి పూర్తిగా వేరు. రేసు మొదలయ్యే ముందు మంచు మీద నిలబడి తీరిగ్గా ఆవలించేవాడు. టీవీలో చూసినవాళ్లు నిద్రమొహం అనుకున్నారు. ఉద్విగ్నతలో ఆవలింతలు రావడం అరుదేమీ కాదు, విమానంలోంచి దూకబోయే పారాట్రూపర్లూ ఆవలిస్తారు.

జిల్లా స్థాయి కబడ్డీ పోటీల నుంచి ఒలింపిక్స్ దాకా ఆటగాళ్లకు ఉచితంగా దొరికే సలహా ఒకటుంది. "టెన్షన్ పడకు." చెప్పేవాళ్లు పీఈటీ మాస్టారు కావచ్చు, నాన్న కావచ్చు, ఫోన్‌లో మేనమామ కావచ్చు. ఈ సలహా పనిచేయదు. సింపథెటిక్ నరాలు యజమాని అనుమతి అడిగి మొదలవవు, ఆజ్ఞాపిస్తే ఆగవు. పైగా ఈ సలహా తప్పు చోటును చూపిస్తుంది. గుండెదడ వల్ల ఓడిపోయినవాళ్లకంటే, గుండెదడను పట్టించుకుంటూ కూర్చుని ఓడిపోయినవాళ్లే ఎక్కువని గత నలభై ఏళ్ల పరిశోధన చదివితే అనిపిస్తుంది.

ఈ తేడాను కొలతలోకి తెచ్చిన తొలివాళ్లలో అమెరికా క్రీడా మనస్తత్వవేత్త రైనర్ మార్టెన్స్ ఒకడు. అతని బృందం 1990లో ప్రచురించిన ప్రశ్నావళి పోటీ భయాన్ని ఒకే ముద్దగా చూడలేదు. మనసులో తిరిగే ఆందోళన వేరు, ఒంట్లో కనిపించే ఆందోళన వేరు, ఆత్మవిశ్వాసం ఈ రెండింటికీ వేరుగా ఉండే మూడో కొలత. మొదటి రెండూ ఒకే వేళకు రావు. "ఓడితే ఎలా, నలుగురూ ఏమనుకుంటారు" అన్న రకం పోటీకి కొన్ని రోజుల ముందే వచ్చి తిష్ఠ వేస్తుంది. చెమటలు, దడ మాత్రం పోటీ దగ్గరపడేకొద్దీ ఎగసి, ఆట మొదలవగానే చాలావరకు దిగిపోతాయి.

క్రికెట్‌లో ఈ రెంటికీ చెరో సాక్షి ఉన్నాడు. సచిన్ టెండూల్కర్ తన కెరీర్‌లో పది పన్నెండేళ్ల పాటు మ్యాచ్‌కు ముందు రాత్రులు నిద్రపట్టక దొర్లేవాడినని 2021లో బయటపెట్టాడు. అది మొదటి రకం. మహేంద్ర సింగ్ ధోనీ క్రీజులోకి వెళ్లాక మొదటి ఐదు పది బంతుల దాకా గుండె వేగం పెరిగి ఉంటుందని, ఒత్తిడీ కొంచెం భయమూ ఉంటాయని, ఈ మాట మనదేశంలో ఎవరూ పైకి చెప్పరని అన్నాడు. అది రెండో రకం. 'కెప్టెన్ కూల్' అని జనం పేరు పెట్టినవాడి నోట ఈ మాట రావడం కుర్ర క్రికెటర్లకు ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

సచిన్ తరవాత చెప్పింది ఇంకా ఆసక్తికరం. కొన్నేళ్లకు, నిద్రపట్టకపోవడం కూడా తన సన్నద్ధతలో భాగమేనని ఒప్పుకుని దానితో కుస్తీ మానేశాడు. రాత్రి లేచి టీవీ చూసేవాడు, వీడియోగేములు ఆడేవాడు, షాడో బ్యాటింగ్ చేసేవాడు. టీ పెట్టుకోవడం, బట్టలు ఇస్త్రీ చేసుకోవడం, బ్యాగు సర్దుకోవడం కూడా ఆటకు సిద్ధం కావడంలో భాగమైపోయాయన్నాడు. వంద అంతర్జాతీయ సెంచరీల వెనక ఓ ఇస్త్రీపెట్టె కూడా ఉందన్నమాట.

ఎంత ఉద్వేగం మంచిది అన్న ప్రశ్నకు కోచింగ్ పుస్తకాలన్నీ ఓ బొమ్మ గీస్తాయి. తిరగేసిన 'యు' అక్షరం. ఉద్వేగం మరీ తక్కువైతే ఆట చప్పగా ఉంటుంది, మధ్యస్థంగా ఉంటే శిఖరానికి చేరుతుంది, ఎక్కువైతే జారిపోతుంది. దీనికి మూలమని చెప్పే యర్కీస్, డాడ్సన్‌ల 1908 ప్రయోగంలో ఒక్క క్రీడాకారుడూ లేడు. ఉన్నవి ఎలుకపిల్లలంత చిన్న చిట్టెలుకలు. తెల్లపెట్టె, నల్లపెట్టె మధ్య తేడా పట్టుకోవడం వాటికి నేర్పుతూ, తప్పు చేస్తే కరెంటు షాకిచ్చారు. తేడా పట్టడం కష్టంగా ఉన్నప్పుడు మధ్యరకం షాక్‌తో త్వరగా నేర్చుకున్నాయి, తేలిగ్గా ఉన్నప్పుడు గట్టి షాక్‌తో. ఎలుకల చదువు గురించి చెప్పిన ఈ చిన్న సంగతిని తర్వాతివాళ్లు మనుషుల ఉద్వేగాలన్నిటికీ సూత్రంగా సాగదీశారు. సాగదీసినా అందులోని ఒక నిజం మిగిలింది. పని ఎంత సున్నితమైతే, దానికి పట్టే ఉద్వేగం అంత తక్కువ.

వెయిట్‌లిఫ్టింగ్ పోటీ ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే ఇది అర్థమవుతుంది. వేదిక ఎక్కే ముందు లిఫ్టర్ ముక్కు దగ్గర ఘాటైన అమోనియా సీసా పెట్టుకుని పీలుస్తాడు. కోచ్ వీపు మీద చరుస్తాడు. అరుపులు, కేకలు. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110 కిలోల స్నాచ్, 130 కిలోల జెర్క్‌తో కాంస్యం తెచ్చి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. అలాంటి బరువును తల మీదికి ఎత్తే రెండు మూడు క్షణాల్లో ఒంట్లో అడ్రినలిన్ ఎంత ఉంటే అంత మేలు. అదే అడ్రినలిన్ ఎయిర్ రైఫిల్ పట్టుకున్నవాడి కొంప ముంచుతుంది.

ఆటల మధ్య తేడా ఇలా ఉంటే, ఒకే ఆటలోనూ మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని రష్యన్ మనస్తత్వవేత్త యూరీ హానిన్ అన్నాడు. లెనిన్‌గ్రాడ్‌లో మొదలుపెట్టి ఫిన్లండ్‌లో కొనసాగించిన అతని పని సారాంశం తేలిక. ప్రతి ఆటగాడికీ తనదైన ఉద్వేగ స్థాయి ఒకటుంటుంది. ఒకరు కాస్త భయపడితేనే బాగా ఆడతారు, మరొకరు నిమ్మళంగా ఉంటేనే. సగటు మనిషికి సరిపోయే స్థాయి అని ఒకటి పెట్టి అందరినీ అక్కడికి ఈడ్చడం దండగ.

హైదరాబాద్‌లో బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ చేసింది ఈ సిద్ధాంతానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ. రియో ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు ఆటలో లోపం భయం కాదు, మెతకదనం. కోర్టు మీద గొంతు పెగలనిచ్చేది కాదు. గోపీచంద్ ఆమెను అకాడమీలో అందరి ఎదుటా కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నాడు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నాడు. ఆమె ఏడ్చింది. చివరికి అరిచింది. 2016 రియోలో సింధు పాయింటు పాయింటుకూ గర్జించడం దేశమంతా చూసింది. ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో 21-19, 12-21, 15-21తో ఓడినా రజతం వచ్చింది. మూడేళ్ల తరవాత బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేసి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమెకు "టెన్షన్ పడకు, ప్రశాంతంగా ఉండు" అని చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

గురి ఆటల సంగతికొద్దాం. ఇక్కడే పోటీ భయం ముసుగు తీసి కనిపిస్తుంది.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గురిపలక మధ్యనుండే పదో గుండ్రం అర మిల్లీమీటరు చుక్క. గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఆ కదలిక భుజం గుండా తుపాకీ గొట్టం చివరిదాకా పోతుంది. అందుకే ఆరితేరిన షూటర్లు రెండు గుండె చప్పుళ్ల మధ్య దొరికే నిశ్చల ఘడియలో ట్రిగ్గర్ నొక్కుతారని, కొత్తవాళ్లకు ఆ లెక్క ఉండదని పరిశోధనల్లో తేలింది. వాళ్లు కావాలని చేసే పని కాదిది, ఏళ్ల సాధనతో ఒంటికి పట్టింది. దడ పెరిగేకొద్దీ ఆ ఘడియ కుంచించుకుపోతుంది. దీనికి తోడు అడ్రినలిన్ చేతివేళ్లలో సహజంగా ఉండే సన్నని వణుకును పెంచుతుంది. ఈ రెంటినీ ఒక మాత్ర తగ్గించగలదు. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్. అందుకే షూటింగ్‌లో, విలువిద్యలో దాన్ని పోటీ రోజునే కాకుండా ఏడాది పొడవునా నిషేధించారు. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు ఒక రజతం, ఒక కాంస్యం గెలిచి, ప్రొప్రనలాల్ దొరకడంతో రెండూ పోగొట్టుకున్నాడు. పరుగుపందెంలో ఆ మాత్ర వేసుకుంటే వెనకబడిపోతారు. భయాన్ని అణిచే మందు ఒక ఆటలో మోసం, మరో ఆటలో స్వయంకృతాపరాధం.

టోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్స్‌లో టీవీ తెర మీద విలుకాళ్ల గుండె వేగం చూపించారు. వాళ్లకు తీగలేమీ తగిలించలేదు. కెమెరా మొహం మీది చర్మం రంగులో వచ్చే అతి సూక్ష్మమైన మార్పులను బట్టి నాడిని లెక్కగట్టింది. మహిళల వ్యక్తిగత ఫైనల్ 5-5తో సమమై, ఒక్క బాణంతో తేలే షూటాఫ్‌కు చేరింది. రష్యా అమ్మాయి ఒసిపోవా గుండె నిమిషానికి 167 సార్లు కొట్టుకుంటోంది. కొరియా అమ్మాయి అన్ సాన్‌ది 118. ఒసిపోవా బాణం 8లో దిగింది, అన్ సాన్‌ది 10లో.

ఇంతటితో ఆపేస్తే, నిదానంగా కొట్టుకునే గుండే గెలుస్తుందన్న చక్కటి నీతికథ దొరుకుతుంది. అదే కొరియా జట్టులో 17 ఏళ్ల కిమ్ జే డోక్ ఉన్నాడు. బాణానికీ బాణానికీ మధ్య గొంతు చించుకుని జట్టును ఉసిగొలిపే కుర్రాడు. అలా అరిస్తే బిగువు సడలుతుందని తనే చెప్పాడు. మిక్స్‌డ్ టీమ్‌లో, పురుషుల టీమ్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. వ్యక్తిగత పోటీలో నాడి 170 దాకా పోయి తొందరగానే ఓడిపోయాడు. పక్కన సహచరులుండి, అరిచే వీలుంటే ఒకలా ఉన్న గుండె, ఒంటరిగా నిలబడితే మరోలా అయిందేమో. అంకె ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పలేం.

ఒత్తిడి కథలన్నిటిలో అమెరికన్ షూటర్ మాథ్యూ ఎమన్స్‌ది వింతైనది. 2004 ఏథెన్స్‌లో మూడు భంగిమల రైఫిల్ పోటీలో చివరి గుండుకు ముందు మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. కాల్చాడు. గుండు గురికే తగిలింది, కాకపోతే అది పక్కవాడి గురి. సున్నా వచ్చి ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. ఆ రోజు ఓదార్చడానికొచ్చిన చెక్ షూటర్ కతరీనాను తరవాత పెళ్లి చేసుకున్నాడు. 2008 బీజింగ్‌లో మళ్లీ చివరి గుండు, మళ్లీ మూడు పాయింట్లకు పైగా ఆధిక్యం. ఈసారి 4.4. నాలుగో స్థానం. తుపాకీని గురి మీదికి దించుతుండగా వేలు పొరపాటున ట్రిగ్గర్‌కు తగిలిందని అతనే చెప్పాడు. లండన్‌లో 2012లో చివరి గుండు 7.6తో రజతం జారి కాంస్యం దక్కింది. పత్రికలు అతన్ని వణికిపోయినవాడి కింద జమకట్టాయి. ఏథెన్స్‌లో జరిగింది వణుకు కాదు, చూపు పొరబడటం. ఒలింపిక్ ఫైనల్‌కు మూడుసార్లు వచ్చి, ఆఖరి గుండు దాకా పతకం రేసులో ఉన్నవాడికి నరాలు లేవనడం అన్యాయం.

గురి పొరబడటానికీ, నైపుణ్యం చేతిలోంచి జారిపోవడానికీ తేడా ఉంది. రెండోదాని మీద షియాన్ బెయ్‌లాక్ చేసిన ప్రయోగాలు పేరున్నవి. ఆరితేరిన గోల్ఫ్ ఆటగాళ్లను పట్ కొట్టేటప్పుడు తమ చేతి ఊపును గమనించుకోమంటే వాళ్ల ఆట చెడింది. చెవిలో ఏవో శబ్దాలు వినిపిస్తూ వాటిలో ఫలానాది వినబడగానే చెప్పమంటే చెడలేదు. కొత్తవాళ్ల విషయంలో సరిగ్గా తలకిందులు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు తమ మంచి పాదం మీద దృష్టి పెడితే డ్రిబ్లింగ్ పాడైంది, అలవాటులేని పాదం మీద పెడితే బాగుపడింది. మెట్లు దిగుతూ ఏ కాలు ఎక్కడ వేస్తున్నామా అని ఆలోచిస్తే తడబడతాం కదా, అదే ఇది. ఒళ్లు చేయగలిగిన పనిలో మనసు వేలుపెట్టడం. భయం చేసే నిజమైన హాని ఈ వేలుపెట్టడమే. వీరేంద్ర సెహ్వాగ్ బ్యాటింగ్ చేస్తూ కిశోర్ కుమార్ పాటలు పాడుకునేవాడని తెలిసినప్పుడు జనం దాన్ని నిర్లక్ష్యం అనుకున్నారు. మాటల మనసుకు ఓ పని అప్పజెప్పి చేతుల జోలికి రాకుండా చేసే ఉపాయం అది. అతను ఏ ప్రయోగశాల దగ్గరా నేర్చుకోలేదు.

2024లో పిట్స్‌బర్గ్, కార్నెగీ మెలన్ పరిశోధకులు ఒత్తిడిలో వచ్చే ఈ తడబాటును కోతుల మెదళ్లలో వెతికారు. రీసస్ కోతులకు తెర మీద లక్ష్యాన్ని త్వరగా, కచ్చితంగా తాకే పని నేర్పి, ముందే ఈసారి బహుమానం ఎంతో సూచించేవారు. చిన్నది, మధ్యరకం, పెద్దది, అరుదుగా ఒక జాక్‌పాట్. బహుమానం పెరిగేకొద్దీ కోతులు బాగా చేశాయి, జాక్‌పాట్ దగ్గర మాత్రం తడబడ్డాయి. మరీ జాగ్రత్తపడి, లక్ష్యానికి ఇవతలే ఆగిపోయేవి. కదలికకు సిద్ధమయ్యే మోటార్ కార్టెక్స్‌లో నాడీకణాల తీరు చూస్తే, పెద్ద బహుమానం దాకా సన్నద్ధత మెరుగవుతూ వచ్చి జాక్‌పాట్‌కు కుప్పకూలింది. వాటికి విలేకరులు లేరు, సోషల్ మీడియా లేదు, ఊళ్లో పరువు లేదు. అయినా తడబడ్డాయి. పెనాల్టీ తప్పిన ఫుట్‌బాలర్‌ను "గుండెలో దమ్ములేదు" అని తిట్టే ముందు ఈ కోతుల్ని తలచుకోవడం మంచిది.

పెనాల్టీల మీదే నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఏళ్లతరబడి కూర్చున్నాడు. కొడితే గెలుపు అన్న స్థితిలో ఆటగాళ్లు తొంభై శాతానికి పైగా గోల్ చేస్తే, తప్పితే ఓటమి అన్న స్థితిలో అది అరవై శాతం దరిదాపులకు పడిపోయిందని అతని లెక్క. బంతి అదే, దూరం అదే. విజిల్ మోగగానే గబుక్కున పరిగెత్తి తన్నేసేవాళ్లు ఎక్కువగా తప్పుతారనీ చూపించాడు. బెయ్‌లాక్ మరో ప్రయోగంలో నిపుణులను తొందరపెడితే బాగా ఆడారు, ఇది దానికి విరుద్ధం కాదా అని అడగొచ్చు. అలవాటైన వేగం వేరు, ఆ నరకంలోంచి ఎప్పుడు బయటపడదామా అన్న తొందర వేరు. స్ప్రింటర్ల బ్లాకుల దగ్గర ఈ తొందర ఇంకా కర్కశమైనది. తుపాకి మోగాక సెకనులో పదోవంతు కాకముందే కదిలితే ఔట్. 2011 దేగులో ఉసేన్ బోల్ట్ వంద మీటర్ల ప్రపంచ ఫైనల్ నుంచి అలాగే వెళ్లిపోయాడు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చైనా రన్నర్ వూ యాన్నీ ముందే కదిలితే, పక్క లేన్‌లో మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతిని కూడా అధికారులు తప్పుపట్టారు. ఆమె అక్కడే నిలబడి వాదించింది, రీప్లే చూశారు, ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. అంత గొడవ జరిగిన నిమిషాల తరవాత మళ్లీ అదే బ్లాకుల్లో కాళ్లుపెట్టి 12.91 సెకన్లలో వంద మీటర్ల హర్డిల్స్ ముగించింది. వూను తరవాత అనర్హురాలిగా తేల్చడంతో జ్యోతికి రజతం వచ్చింది.

మరి ఏం చేస్తే పనికొస్తుంది? ఒకటి, పేరు మార్చడం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పదిమందిలో పాడబోయేవాళ్లు, ప్రసంగించబోయేవాళ్లు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకోవడం కంటే "నాకు హుషారుగా ఉంది" అనుకుంటే బాగా చేశారు. దడ కొట్టుకునే గుండెతో ప్రశాంతతకు దిగడం చాలా దూరం, హుషారుకు పక్కడుగే. అయితే వాళ్లు విద్యార్థులు, మామూలు జనం. ఒలింపిక్ షూటర్‌కు హుషారు ఎంత మేలు చేస్తుందో ఆ ప్రయోగం చెప్పదు. ఊపిరి మరో మార్గం. నిమిషానికి ఆరు చొప్పున ఊపిరి తీస్తూ, వదిలే ఊపిరిని పొడిగిస్తే వేగస్ నాడి గుండెకు పగ్గం వేస్తుంది. గురి ఆటల్లో ఇది రోజువారీ సాధన. మరో తోవ మను భాకర్‌ది. టోక్యోలో పిస్టల్ పాడై నిమిషాలు కోల్పోయి ఫైనల్ చేరలేకపోయిన ఆమె, పారిస్‌లో కాంస్యం గెలిచాక చివరి షాట్లప్పుడు భగవద్గీతలో కృష్ణుడి బోధ తలచుకున్నానంది. ఫలితం మీదనుంచి చూపు తీసి పని మీద పెట్టడమే క్రీడా మనస్తత్వవేత్తలూ చెప్పేది. ఆ గీత మొదటి అధ్యాయంలోనే అర్జునుడు నోరెండిపోయిందని, ఒళ్లు వణుకుతోందని, రోమాలు నిక్కబొడుచుకున్నాయని, గాండీవం జారిపోతోందని చెప్తాడు. అతని బాధ పోటీ భయం కాదు, కానీ సింపథెటిక్ నరాల లక్షణాల జాబితాగా చదివితే ఒక్కటీ తప్పులేదు.

అన్నిటికంటే గట్టి మందు మాత్రం ఒత్తిడిని ముందే రుచి చూపించడం. ఈ విద్యలో కొరియా విలుకాళ్లను మించినవాళ్లు లేరు. కిక్కిరిసిన బేస్‌బాల్ మైదానాల్లో, కేకల మధ్య బాణాలు వేయిస్తారు. ఒలింపిక్ వేదికను పోలిన వేదికను తమ శిక్షణ కేంద్రంలోనే కట్టి, అక్కడ వినబడబోయే శబ్దాలను స్పీకర్లలో మోగిస్తారు. 1988 నుంచి 2024 దాకా మహిళల టీమ్ స్వర్ణం ఒక్కసారీ చేజారలేదు, పదికి పది. అభినవ్ బింద్రా కూడా ఇదే దారి పట్టాడు. బీజింగ్ ఫైనల్ హాలు పెద్దదని తెలిసి, పెళ్లిళ్లకిచ్చే హాలు అద్దెకు తీసుకుని అందులో రేంజ్ పెట్టుకున్నాడు. ఒలింపిక్స్‌కు ముందు జర్మనీలో 40 అడుగుల స్తంభం ఎక్కాడు. పైకి పోయేకొద్దీ కాలు మోపే చోటు చిన్నదవుతుంది, మధ్యలో కాళ్లు వణికాయి, అయినా చివరిదాకా ఎక్కాడు. 2008 ఆగస్టు 11న చివరి గుండుకు ముందు ఫిన్లండ్ షూటర్ హక్కినెన్‌తో సమంగా ఉన్నాడు. బింద్రా 10.8 కొట్టాడు, హక్కినెన్ 9.7తో కాంస్యానికి జారాడు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ అదే బీజింగ్ పోటీలో స్కోరు సమమైనా లెక్కల్లో వెనకబడి ఫైనల్ కోల్పోయాడు. నాలుగేళ్ల తరవాత లండన్‌లో కాంస్యం గెలిచాడు.

ఇవేవీ పనిచేయని స్థితి కూడా ఒకటుంది, దాన్ని పోటీ భయం అని కొట్టిపారేయడం ప్రమాదం. టోక్యో టీమ్ ఫైనల్లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వాల్ట్ మీద రెండున్నర మెలికలు తిరగాల్సింది ఒకటిన్నర తిరిగి దిగింది. గాల్లో తను ఎక్కడుందో తనకే తెలియలేదు. జిమ్నాస్టులు దీన్ని ట్విస్టీస్ అంటారు. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది పతకం కాదు, మెడ. ఆమె పోటీ నుంచి తప్పుకుంది, ఆ ఆటల చివర్లో మెలికలు లేని దిగుడుతో బీమ్ మీద కాంస్యం గెలిచింది. చాలామంది తిట్టారు, చాలామంది వెనకేసుకొచ్చారు. తరవాత రెండేళ్లు పోటీల జోలికి రాలేదు. 2024 పారిస్‌లో టీమ్ ఫైనల్ రోజు ఉదయం థెరపిస్టుతో మాట్లాడి రోజు మొదలుపెట్టానని విలేకరులకు తనే చెప్పింది. ఆ రోజు సాయంత్రం అమెరికా జట్టు స్వర్ణం గెలిచింది.